సున్నం పుట్టిల్లు

ముప్పై ఏళ్లుగా ఇళ్లకు సున్నం వేస్తున్న పెద్దాయన సెలవు రోజున కూడా ఇంట్లో గోడల పెచ్చులు చూస్తూ కూర్చుంటాడు. ఈసారి ఆయన భార్య పట్టుబట్టి ఊరి బయట ఉన్న విహారస్థలానికి తీసుకొచ్చింది. అక్కడ నది ఒడ్డున సున్నపురాయి కొండ నిలువునా తెగి, పొరలు పొరలుగా కనిపిస్తోంది.

"రాళ్లు చూడ్డానికి బస్సెక్కి రావాలా?" అని సణుగుతూనే ఆయన వెళ్లి ఒక పొర వెంట చెయ్యి పోనిచ్చాడు. వేళ్లకు గోరంత గవ్వ తగిలింది. దాని పక్కన మరొకటి. తలెత్తి చూస్తే రాయి నిండా అవే.

అటుగా వచ్చిన కాపలాదారుని అడిగాడు.

"ఒకప్పుడు ఇదంతా సముద్రం అడుగు, బాబాయ్. ఆ గవ్వలూ చిప్పలూ పేరుకునే ఈ రాయి అయింది. దీన్ని కాలిస్తేనే సున్నం."

పెద్దాయన ఆ గవ్వల్ని మరోసారి తడిమి చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"విన్నావటే, ఇన్నేళ్లూ నేను గోడలకి పూసింది సముద్రాన్నట."

"అందుకేనేమో, మీ చొక్కాలు ఎంత ఉతికినా తెలుపు వదలదు" అందామె.

ఆయన పకపకా నవ్వాడు. మధ్యాహ్నం బస్సు హారన్ వినిపించి ఆమె సంచి అందుకుంది. ఆయన మాత్రం అప్పటికే పై పొర దగ్గరికి ఎక్కుతున్నాడు.

"పోనీవే, సాయంత్రం ఇంకోటుందిగా."

ఆమె చెప్పులు విడిచి, కొండ నీడలో హాయిగా కాళ్లు చాపుకుంది.