తెరిచి చూడని వీడియో

కొత్త కంప్యూటరు బల్ల ఎక్కింది. పాతది వైర్లన్నీ ఊడదీయించుకుని గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కొట్టు నుంచి మనిషి ఆ మధ్యాహ్నం వచ్చి దాన్ని తీసుకుపోతాడు. లోపలున్నదంతా తుడిచేసి ఇంకెవరికో అమ్ముకుంటారు.

“అమ్మ వీడియో కొత్తదాంట్లోకి వచ్చిందా?” అని వదిన అడగడం పొద్దున్నుంచి ఎన్నోసారో.

“వచ్చిందే తల్లీ. అదిగో, తెర మీదే ఉంది చూడు,” అన్నాడు అన్నయ్య.

తెర మీద ఒక మూల చిన్న బొమ్మ. దాని కింద ‘అమ్మ’ అని పేరు. వదిన ఆ పేరు చూసి, తల తిప్పుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ పోయి రెండేళ్లు. ఆవిడకి ఫొటో అంటే పడేది కాదు. కెమెరా కనిపిస్తే చాలు, చెయ్యి అడ్డం పెట్టేది. ఇంట్లో ఉన్న ఫొటోల్లో ఆవిడ నిలబడ్డ చోటల్లా ఒక అరచెయ్యి ఉంటుంది. కదులుతూ, మాట్లాడుతూ ఉన్నది ఈ ఒక్క వీడియోలోనే. ఆవిడ పోయాక వదిన దాన్ని ఒక్కసారీ చూడలేదు. చూడదు గానీ, అది ఉండాలి. ఉందన్న మాట వింటే చాలు ఆమెకి.

“అన్నయ్యా, తెరిచి చూశావా?” అని మెల్లగా అడిగాను.

“పెళ్లిది తెరిచాను, బుడ్డోడు పాకేది తెరిచాను, అన్నీ ఆడుతున్నాయి. ఇదొక్కటే తెరవలేదు. ఆ గొంతు వినిపిస్తే మీ వదిన ఈ పూటకి మనిషి కాదు.”

నేను శబ్దం పూర్తిగా తగ్గించి నొక్కాను. వీడియో రాలేదు. ఫైలు దొరకలేదని తెర మీద ఒక ముక్క కనిపించింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

అన్నయ్య ముఖంలో రంగు మారింది. తెర మీదున్నది వీడియో కాదు, వీడియో ఉన్న చోటికి దారి చూపే గుర్తు. గుర్తును జాగ్రత్తగా తెచ్చుకున్నాం. అసలుది పాతదాంట్లోనే ఉండిపోయింది.

“మీ వదినకి చెప్పకు,” అన్నాడు గుసగుసగా.

“ఏం చెప్పకూడదు?” వదిన గరిటెతో సహా వెనకే నిలబడి ఉంది.

దాచి లాభం లేదు. చెప్పాం. ఆమె అరవలేదు. గరిటె బల్ల మీద పెట్టింది, అంతే. అది చూసి అన్నయ్య ఇంకా బెదిరిపోయాడు.

“అసలుది ఎక్కడ పెట్టావే?”

“నా కంట పడకూడదనే ఎక్కడో పెట్టాను. ఎక్కడో గుర్తుంటే ఇంక పెట్టడం ఎందుకు?”

“మరి తెర మీద ఆ గుర్తెందుకు?”

“ఉందో లేదో తెలియాలి కదండీ!”

అప్పుడే గంట మోగింది. కొట్టు మనిషి హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. “ఇదేనా సార్?” అంటూ పాతదాని మీదికి వంగాడు.

“ముట్టుకోకండి!” అంది వదిన.

ఆయన చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నాడు. “ఏమ్మా, షాక్ కొడుతోందా?”

అన్నయ్య విషయం చెప్పి బతిమాలాడు. ఆయన వాచీ చూసుకున్నాడు, వదిన ముఖం చూశాడు. “సరే, టీ ఇప్పించండి. చక్కెర వద్దు,” అని కుర్చీ లాక్కున్నాడు.

పాతదానికి వైర్లు మళ్లీ తగిలించాం. అది మూలుగుతూ లేచింది. గుర్తు ఎటు దారి చూపిస్తోందో వెతికితే ‘పాత ప్రింటర్’ అనే ఫోల్డరు తేలింది.

“ఆ ప్రింటరు పారేసి ఎన్నాళ్లో అయింది. ఆ చెత్తంతా మనకెందుకని వదిలేశాను,” అన్నాడు అన్నయ్య.

“చెత్తలోకి నేనెందుకు వెళ్తానని అందులో పెట్టాను,” అంది వదిన నీరసంగా.

“మా ఆవిడ బీరువా తాళాలు ఇలాగే దాస్తుంది,” అన్నాడు కొట్టు మనిషి. “దొంగకీ దొరకవు, మాకూ దొరకవు.”

వదిన పెదవులు కాస్త విచ్చుకున్నాయి.

“కట్ చెయ్యకు అన్నయ్యా, కాపీ చెయ్యి. మధ్యలో ఏమైనా అయితే అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు,” అన్నాను. పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, అందులోంచి కొత్తదాంట్లోకి ఒకటి. పచ్చ గీత నింపాదిగా నిండుతుంటే నలుగురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

“ఈసారి తెరిచి చూడాలి. చివరిదాకా, శబ్దంతో,” అన్నాను.

“మీరు చూడండి చిట్టీ. నేను లోపల ఉంటాను,” అని వదిన వెళ్లిపోయింది.

కొత్త కంప్యూటర్లో నొక్కాను. ఒక గది. దుప్పటి అంచు పట్టుకుని ఆవిడ. చెయ్యి అడ్డం లేని ముఖం.

“ఆ చివర పట్టుకోవే. సరిగ్గా పట్టుకో. దుప్పటి మడతపెడుతున్నావా, నేల తుడుస్తున్నావా?”

“పట్టుకున్నానమ్మా!” వదిన గొంతు, నవ్వుతో.

“ఏం పట్టుకున్నావో. నీ మూల చూడు, నా మూల చూడు. అవునూ, ఆ ఫోను అక్కడ నిలబెట్టావేంటి? తీస్తున్నావా? ఆపు, ఆపవే!”

ఆపడానికి ఆవిడే నవ్వుతూ మా వైపు వచ్చింది. తెర నిండా ముఖం. అక్కడితో వీడియో ఆగిపోయింది.

వంటగదిలో చప్పుడు లేదు. వెనక్కి తిరిగితే వదిన తలుపు పట్టుకుని నిలబడి ఉంది. బుగ్గలు తడిసి ఉన్నాయి, ఎప్పుడు వచ్చిందో.

“మొత్తం ఉందా?” అంది.

“ఉంది వదినా.”

“ఇక తీసుకెళ్లనా అమ్మా?” అని కొట్టు మనిషి లేచాడు.

“ఆగండి. పెన్‌డ్రైవ్‌లోది ఇంకా చూడలేదు,” అంటూ వదిన నన్ను పక్కకి జరిపి నా కుర్చీలో కూర్చుంది. “అదీ తెరిచి చూసుకోవాలి కదా.”

“చూసుకోవాలమ్మా, తప్పదు,” అంటూ ఆయన మళ్లీ కూర్చుని ఖాళీ కప్పు అన్నయ్య చేతికిచ్చాడు.