తెలుగొచ్చిన సాలెం

శనివారం పొద్దున్నే లచ్చన్న తెల్లటి కందూరా తొడుక్కుని, తలకు గళ్ల గుడ్డ చుట్టుకుని సాలెం అయిపోయేవాడు. ఆదివారం సాయంత్రం టూర్ల కంపెనీ ఇచ్చిన ఆ పొడుగాటి అంగీని మడతపెట్టి పెట్టెలో దాచాక మళ్లీ లచ్చన్న అయ్యేవాడు. ఈ రెండు రోజుల్లో కంచరగాడిద మీద టూరిస్టుల్ని ఎక్కించుకుని, రాస్ అల్ ఖైమా కొండల మీద నుంచి లోయ అడుగు దాకా దింపడం అతని పని.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఎనిమిదేళ్లు ఇక్కడి క్రషర్‌లో రాయి కొట్టాడు. కరోనాలో క్రషర్ మూతపడితే, ఈ కంపెనీలో కంచరగాడిదలకు మేత వేసే పనికి కుదిరాడు. మొదట కందూరా తొడిగింది అతనికి కాదు, అమీర్ జాన్‌కు. ఆరడుగుల పఠాన్, కోటేరు ముక్కు, ఫోటోలో చూస్తే ఎవరైనా నమ్మాల్సిందే. కానీ అతను, ఎక్కిన ప్రతి టూరిస్టుకూ పాకిస్తాన్‌లోని తమ స్వాత్ లోయలో ఆపిల్ పళ్లు ఎంతుంటాయో చేతులు చాచి చూపించేవాడు. ఇతను ఇక్కడివాడు కాదని ఒక జర్మన్ ఆవిడ కంపెనీకి ఉత్తరం రాసింది. దాంతో అమీర్ జాన్ కంచరగాడిదల పాకలోకి, లచ్చన్న కందూరాలోకి మారారు.

ఆ కొండల్లో పుట్టినవాళ్లనే పెట్టుకోవచ్చు కదా అంటే, వాళ్లంతా ఎప్పుడో కింద ఊళ్లో చల్లటి ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లకు గాడిదెక్కి కొండ దిగాల్సిన ఖర్మ ఏమీ పట్టలేదు.

"నీకు మూడు మాటలు చాలు. సలాం, యల్లా, ఖలాస్," అని చెప్పింది మేనేజరు తరన్నుమ్ మేడం. లక్నో మనిషి, హిందీలో ఎంత మెత్తగా చెప్పినా అది ఆర్డరే. "నవ్వు కూడా తక్కువ. కొండ మనుషులు గంభీరంగా ఉంటారు."

టూరిస్టులకిచ్చే కంపెనీ కాగితంలో, సాలెం తాతముత్తాతలు ఏడు తరాలుగా ఈ దారినే నడిచారని రాసి ఉంది.

జనవరిలో ఒక శనివారం ఆదిశేషు, మాణిక్యాంబ వచ్చారు. ఆదిశేషుది భీమవరం. దుబాయ్‌లో పెద్ద కాంట్రాక్టు కంపెనీలో హెచ్చార్ మేనేజరు. మెడలో ఈల, నడుముకు తాడు, వేళ్లు బయటికి కనబడే చేతి తొడుగులు, కర్ర చివర ఫోను. ఆ ముస్తాబుకు హిమాలయాలు కూడా చిన్నబోవాలి. తొంభై కిలోలు దాటినవాళ్లు ఎక్కకూడదని బోర్డుంది. ఆయన కాగితం మీద ఎనభై తొమ్మిదిన్నర అని రాసి సంతకం పెట్టాడు. ఆ అర ఎందుకో గానీ, దానివల్ల మొత్తం నిజంలా కనబడింది. కంచరగాడిద నజ్మా మాత్రం ఆయన ఎక్కగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"నాకు వద్దండీ, నేను నడుస్తాను," అంది మాణిక్యాంబ, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని.

"మోకాళ్ల నెప్పులు పెట్టుకుని నడుస్తావేంటి? సరే, నీ ఇష్టం," అని ఆదిశేషు ఫోను వైపు తిరిగాడు. "ఫ్రెండ్స్, ఈయన సాలెం. ఈ కొండల్లో ఏడు తరాల రక్తం. ఆ కళ్లు చూడండి. ఎడారిని చదివిన కళ్లవి."

ఎడారిని చదివిన కళ్లు కిందికి వాలిపోయాయి. లచ్చన్నకు నవ్వొస్తే మీసం కదులుతుంది. అందుకని గుడ్డను మూతి దాకా లాక్కుని, పదమన్నట్టు "యల్లా" అన్నాడు.

దారి మనిషి వెడల్పు ఉంటుందంతే. ఒక పక్క గోడలా నిలబడ్డ కొండ, రెండో పక్క ఏమీ లేదు. లోయ అడుగున కంపెనీ గుడారాలు పిడికెడంత కనిపిస్తున్నాయి. మూటలు మోసిన అలవాటు కదా, మూటలు బండకు ఒరుసుకోకుండా నజ్మా ఎప్పుడూ అంచు వైపే నడుస్తుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆదిశేషు కుడికాలు గాలిలో వేలాడేది. ఆయన వీడియోలో "అద్భుతం" అనేవాడు, ఫోను దించి "ఓరి దేవుడో" అనేవాడు.

కొంచెం ధైర్యం రాగానే భార్యతో తెలుగులో కబుర్లు మొదలెట్టాడు.

"చూశావా మాణిక్యం, ఒక్క మాట లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. అదీ జాతి గుణం. మా క్యాంపుల్లో ఆ కరీంనగర్ వాళ్లున్నారే, అన్నంలో రాయొచ్చిందని కూడా అర్జీ పెడతారు. నీళ్లు రాలేదని సమ్మె. ఏం, నాలుగు రోజులు స్నానం చేయకపోతే చచ్చిపోతారా?"

లచ్చన్న చేతిలో పగ్గం బిగుసుకుంది. క్రషర్ క్యాంపులో నీళ్ల కోసం పెట్టిన అర్జీలో మొదటి సంతకం అతనిదే. వెనక్కి తిరిగి ఒక్క మాట అంటే కడుపు చల్లబడేది, ఉద్యోగమూ చల్లబడేది. దారిలో ఉన్న చిన్న రాయిని కాలితో తన్నాడు. అది కిందపడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినబడలేదు.

వెనక నడుస్తున్న మాణిక్యాంబ ఆ బిగింపు చూసింది. మూడో మలుపు దగ్గర దారి కాస్త వెడల్పయితే అతని పక్కకు వచ్చి, మామూలుగా అడిగినట్టు, "బాబూ, కాసిని మంచినీళ్లు తాగుతావా?" అంది.

దాహంతో ఉన్న చెయ్యి మనిషిని అడక్కుండానే ముందుకు చాచుకుంది. ఆవిడ అడిగింది తెలుగులోనని చాచాక తట్టి లచ్చన్న బిర్రబిగుసుకుపోయాడు.

"తాగు నాయనా. నేనెవరికీ చెప్పనులే," అందావిడ గొంతు తగ్గించి. ఆదిశేషు అప్పుడు తన టోపీ వీడియోలో సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటున్నాడు.

దారిలో అన్నింటికంటే ఇరుకైన మలుపు వచ్చింది. అక్కడ లోయంతా పడేలా తీయాలని ఆదిశేషు ఫోను కర్రను ముందుకు చాచాడు. అది సరిగ్గా నజ్మా కంటి ముందుకు వచ్చింది. నజ్మా టక్కున ఆగిపోయింది.

"గో!" అన్నాడు ఆదిశేషు. కదల్లేదు. "యల్లా!" అన్నాడు. కదల్లేదు. మడమలతో డొక్కలో తన్నాడు. నజ్మా తల ఒక్క ఊపు ఊపేసరికి లచ్చన్న చేతిలోంచి పగ్గం జారింది. ఆదిశేషు ఫోను కర్రను మణికట్టుకు వేలాడనిచ్చి, పగ్గాన్ని రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ వెనక్కి గుంజాడు. వెనక్కి గుంజితే ఏ జంతువైనా వెనక్కే నడుస్తుంది. నజ్మా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. దాని వెనక కాలి కింద నుంచి గులకరాళ్లు జారి లోయలోకి పోయాయి.

"అమ్మోయ్! మాణిక్యం! చచ్చానే!"

లచ్చన్నకు మేడం గుర్తుకు రాలేదు, మూడు మాటలూ గుర్తుకు రాలేదు.

"సారూ, పగ్గం ఇడువుండ్రి! గుంజకుండ్రి! ఇడువుమంటున్న గదా... ఇడువ్!"

ఆ అరుపుకు ఆదిశేషు చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. లచ్చన్న బండకు వీపు ఆనించి, ఒక చేత్తో పగ్గం అందుకుని, రెండో చెయ్యి నజ్మా ముక్కు మీద పెట్టాడు.

"హో... హో... బిడ్డా, పైలం. నేనున్న గదా. ముంగటికి రా. గట్ల... గంతే."

రెండేళ్లుగా ఆ గొంతు వింటూ మేత తిన్న జంతువు. చెవులు వాల్చి, ఒక్కో కాలూ చూసుకుంటూ ముందుకు వచ్చింది. లచ్చన్న ఆదిశేషు నడుము పట్టుకుని, బస్తాను దించినట్టు దించాడు.

ఆదిశేషు బండకు అతుక్కుని కూర్చున్నాడు. కాస్త ఊపిరి వచ్చాక తలెత్తి చూశాడు.

"నువ్వు... తెలుగువాడివా?"

"అవ్ సార్. జగిత్యాల దిక్కు. లచ్చన్న నా పేరు."

జగిత్యాల కరీంనగర్‌కు ఎంత దగ్గరో ఆదిశేషుకు తెలుసు. ఇందాకటి నుంచి తను ఏమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టు మొహం రంగులు మారింది. ఆయన క్షమించమంటాడేమోనని మాణిక్యాంబ ఎదురుచూసింది.

"అయితే ఇప్పుడు నన్ను 'ఇడువ్' అన్నావా?" అన్నాడాయన చివరికి.

"ఇడువకపోతే ఆడ పడుదురు సార్," అన్నాడు లచ్చన్న, గడ్డంతో లోయను చూపించి.

మాణిక్యాంబ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత సీసా మొగుడి చేతిలో పెట్టి, "నాకు మోకాళ్లు నెప్పి పుడుతున్నాయి. నేనెక్కుతాను," అని లచ్చన్న భుజం పట్టుకుని నజ్మాను ఎక్కింది. మిగతా దారంతా ఆవిడ జంతువు మీదే, అతనితో మాట్లాడుతూ దిగింది. భార్య పేరు కల్పన అని, బీడీలు చుడుతుందని, కూతురు నర్సింగ్ చదువుతోందని చెప్పాడు. ఆవిడ భీమవరంలో ఒక ఆసుపత్రి పేరు చెప్పి, ఉద్యోగం కావాల్సినప్పుడు ఫోన్ చేయమంది. ఆదిశేషు మాత్రం అంచు చూడలేక, దారి మీద కూర్చునే మెల్లగా జరుగుతూ దిగాడు. నాలుగొందల దిర్హాముల ప్యాంటు వెనకవైపు కొండ రంగుకు వచ్చేసింది.

కింద చదును నేల రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మట్టి దులుపుకుని, మళ్లీ నజ్మాను ఎక్కి, ఇరవై అడుగులు వీడియో తీయించుకున్నాడు.

"నువ్వు మాత్రం మాట్లాడకు. సాలెంలాగే ఉండు," అన్నాడు లచ్చన్నతో.

లచ్చన్న గుడ్డ సర్దుకుని గంభీరంగా నడిచాడు. బెదిరిన కంచరగాడిదను తనెలా లొంగదీశాడో ఆదిశేషు ఫోనుకు చెప్పుకున్నాడు.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ ఇరుకు మలుపు దగ్గర, మణికట్టుకు వేలాడే ఫోనులో వీడియో తిరుగుతూనే ఉంది. ఇంటికెళ్లాక మాణిక్యాంబ ఆ ముక్కను మొగుడి ఫోనులోంచి తీసి అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టింది. గంటలో భీమవరం నుంచి మస్కట్ దాకా అందరూ అడిగారు, బావగారిని తెలుగులో కసిరింది ఎవరని. కూలివాడు తనను కాపాడాడని చెప్పుకోవడానికి ఆదిశేషుకు మనసొప్పలేదు. అందుకని, ఆ అరబ్బుకు తెలుగు వచ్చని, తెలుగు అతిథుల మీద అభిమానంతో నేర్చుకున్నాడని చెప్పాడు. చెప్పిందాన్ని నిలబెట్టుకోవడానికి కంపెనీ పేజీలో అదే రాసి, ఐదు స్టార్లు ఇచ్చాడు.

వారం గడిచాక, సోమవారం తరన్నుమ్ మేడం పిలిపించింది. ఉద్యోగం పోయిందనుకుని లచ్చన్న కందూరా ఉతికి ఇస్త్రీ చేసి మరీ పట్టుకెళ్లాడు.

"ఫిబ్రవరి అంతా తెలుగువాళ్లే బుక్ చేశారు. అందరికీ తెలుగొచ్చిన అరబ్బు కావాలట," అందావిడ. "ఇక మీద కొంచెం మాట్లాడు. మరీ ఎక్కువ వద్దు. నేర్చుకున్నట్టుండాలి."

"మేడం, నాది తెలుగే గదా!"

"నాకు తెలుసు. వాళ్లకు తెలియకూడదు."

అమీర్ జాన్‌కు ఈ సంగతి చెబితే మేత బస్తా మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. తను కూడా తెలుగు నేర్చుకుని ఆపిల్ పళ్ల కబుర్లు తెలుగులో చెబుతానన్నాడు.

ఫిబ్రవరి మొదటి శనివారం ఒక తెలుగు సంఘం వాళ్లు వచ్చారు. నజ్మా మీద విజయవాడ ఆవిడ ఒకరు ఎక్కారు. భర్త వెనక నడుస్తున్నాడు. రెండు మలుపులు దాటాక లచ్చన్న, మేడం చెప్పినట్టు, కొంచెమే మాట్లాడాడు.

"గట్టిగ పట్టుకో అమ్మా. భయపడకు, ఏం గాదు."

"అబ్బ, ఎంత ముద్దుగా మాట్లాడుతున్నాడో!" అని ఆవిడ భర్త వైపు తిరిగింది. "కాకపోతే యాస కుదరలేదండీ. పాపం, అరబ్బు కదా. ఇంకో ఏడాది కష్టపడితే సరైన తెలుగు వచ్చేస్తుంది." మళ్లీ లచ్చన్న వైపు వంగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగింది. "తెలుగు... ఎవరు... నేర్పారు?"

లచ్చన్న నజ్మాను బండ వైపు తిప్పి, దారి చూసుకుంటూ ఉన్నమాటే చెప్పాడు.

"మా అవ్వ నేర్పింది, అమ్మా."

"విన్నారా?" అంది ఆవిడ ఆశ్చర్యంగా. "వీళ్ల అవ్వకు కూడా తెలుగొచ్చట!"