అరవై లక్షల మందికి మైల

కింద వీధిలో ఎవరో "మీ లాబీ" అని కేకేశారు. కరెంటొచ్చిందని చాటే ఆ బర్మా మాట పజుండౌంగ్ పేట మేడలన్నిటికీ వినిపిస్తుంది గాని, నాలుగో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో దానికి లేచేది మణిమాల ఒక్కతే. నీళ్ళ మోటారు వేసింది. రైస్ కుక్కర్ పెట్టింది. మిక్సీలో కొబ్బరి వేసింది, మొగుడి చొక్కా ఇస్త్రీకి పరిచింది, ఇన్వర్టరు ఛార్జింగుకి పెట్టింది. కరెంటు మళ్ళీ ఎప్పుడు పోతుందో ఇచ్చేవాళ్ళకే తెలియదు కాబట్టి ఇవన్నీ ఒకేసారి జరిగిపోవాలి. ఆ హడావుడిలోనే కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి, ఇయర్‌ఫోన్లు పాడైపోయాయి కనుక స్పీకరు పెట్టి, ఎనభై ఏళ్ళ కిందట యూరప్‌లో యూదుల్ని ఎలా చంపారో వింటోంది.

ఈ వినడం బడిలో మొదలైంది. మణిమాల ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. విదేశంలోని ఒక స్మారక మ్యూజియం వాళ్ళు ఆ మారణహోమం గురించి ఆన్‌లైన్‌లో నెలనెలా ఉచితంగా కార్యక్రమాలు నడుపుతున్నారనీ, టీచర్లందరూ చేరితే బడికి సర్టిఫికెట్ ఇస్తారనీ, దాన్ని గేటు దగ్గర గోడకి తగిలించుకోవచ్చనీ ప్రిన్సిపాలు డా ఖిన్ మ్యాకి తెలిసింది. అందరూ చేరారు. చేరి, కెమెరాలు ఆపేసి, ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. మణిమాల కూడా ఆపబోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక ముసలావిడ, క్యాంపులో తినడానికి ఏమీ లేని రోజుల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు వంటలు చెప్పుకునేవాళ్ళని చెప్పడం మొదలుపెట్టింది. లేని వెన్న ఎంత వెయ్యాలో కూడా పోట్లాడుకునేవాళ్ళట. మణిమాల చెయ్యి ఆగిపోయింది. బడిలో ఏ పండగైనా "సయామ మాలా, మీ ఇండియన్లు బాగా చేస్తారు" అంటూ, బర్మా మాటలో టీచరమ్మా అని మర్యాదగా పిలుస్తూనే వందల కొద్దీ సమోసాలు ఆమె చేత వేయించే డా ఖిన్ మ్యా, అది పని అని ఒక్కసారీ అనలేదు. అలాంటిది, ఆడవాళ్ళ వంట మాటలు కూడా చరిత్రేనని ఒక మ్యూజియం చెప్పుకొస్తోంది. సర్టిఫికెట్ వచ్చింది, గోడకెక్కింది. ఇంకా ఎందుకు వింటున్నావని డా ఖిన్ మ్యా నిజంగానే ఆశ్చర్యపోయింది. మణిమాల ఆ తర్వాత ఒక్క నెల కూడా మానలేదు.

ఇంట్లో అసలు చిక్కు అత్తగారు సూర్యావతి చెవుల వల్ల వచ్చింది. ఆవిడకి చూపు తగ్గింది గాని వినికిడికి ఏ లోటూ లేదు. మొదటి కార్యక్రమం రోజునే హాల్లో మంచం మీంచి, ఎవులు పోయినారే అని అడిగింది. పోపు వేస్తున్న మణిమాల పరాకుగా, యూదులండి, అరవై లక్షల మంది, అనేసింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"అరవై లచ్చలమంది పోయినారని ఇన్న సెవులతోటి అలాగే పోపెట్టేస్తావేటే? ముందు తానం సెయ్యి."

చావు కబురు విన్నాక తలస్నానం చెయ్యకుండా పొయ్యి ముట్టుకోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పక్క వాటాలో బర్మా ముసలాయన పోయినా చేసింది, ఎక్కడో హైదరాబాదులో సినిమా హీరో పోయినా చేసింది. పోయినవాళ్ళు యూదులైతే మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? ఆ నెల నుంచి కార్యక్రమం అయ్యాక మణిమాలకి తలస్నానం, కుర్చీలో కూర్చోబెట్టి అత్తగారికి తలస్నానం రివాజైపోయాయి. ఎంతమంది పోయారో, పిల్లలెంతమందో, వాళ్ళని ఎవరూ ఎందుకు దాచలేదో ఆ స్నానం చేయిస్తున్నప్పుడే సూర్యావతి అడిగి తెలుసుకునేది. దాచినవాళ్ళూ ఉన్నారండీ అంటే, "ఆళ్ళు సల్లగుండాల" అని చెంబు కింద పెట్టించి మరీ దండం పెట్టేది.

మొగుడు మోహనకృష్ణకి మండేది నీళ్ళ దగ్గర. మోటారు పైకెక్కించినవన్నీ మీ యూదుల స్నానాలకే పోతున్నాయని గొణిగేవాడు. అతను రేవులో ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో మాత్రం రామాలయం కమిటీ కార్యదర్శి. ఆ రెండో హోదాలోనే భార్యతో మాట్లాడతాడు. "ఆళ్ళు మనకేటవుతారు?" అన్నది అతని నిలవ ప్రశ్న. మన తాతలు ఇదే రేవులో మూటలు మోసి పోయారు, వాళ్ళ పేర్లు చదివినవాడు ఒక్కడున్నాడా అని ఒక రోజు పెద్ద గొంతుతో అడిగాడు. అయితే మీరు చదవండి, కూర్చుని వింటాను, అంది మణిమాల. అతనికి తాత పేరు వచ్చు. ముత్తాత దగ్గరకొచ్చేసరికి తడబడ్డాడు. ఇక నాయనమ్మ పేరు కన్నతల్లిని అడిగినా తేలలేదు. అత్తగారి పేరు నోటితో ఎలా అంటానని సూర్యావతి నోరు మూసుకుంది. మోహనకృష్ణ పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

జనవరిలో మ్యూజియం నుంచి ఒక మెయిలు వచ్చింది. నెలాఖరున ఆ మృతుల స్మరణ దినం నాడు దేశదేశాల వాళ్ళు కలిసి ఆన్‌లైన్‌లో వాళ్ళ పేర్లు చదువుతారు, మీరూ చదువుతారా, అని అడిగారు. మణిమాల చదువుతానని నొక్కేసింది. నొక్కాక గాని, అత్తగారినీ మొగుడినీ ప్రిన్సిపాలునీ అడక్కుండా తను దేనికైనా సరేనన్నది ఇదే మొదటిసారి అని తోచలేదు. కాసేపు భయమేసింది, ఆ తర్వాత చాలా బాగుంది. ఆమె వంతుకి ఒక కుటుంబం పేర్లు వచ్చాయి. వాళ్ళ వైపు బతికి బయటపడ్డవాళ్ళు ఎవరూ లేరని కింద రాశారు. ప్రశాంతమైన చోట కూర్చుని చదవమని కోరారు. ఆమెకి కావలసింది కూడా అంతే. తన ఇంట్లో, తలుపేసుకుని, కూర్చుని, ఆ పేర్లన్నీ చివరిదాకా చదవాలి. మధ్యలో ఎవరూ పిలవకూడదు.

ముందే చెబితే మోహనకృష్ణ, దానికేటి, సదువుకో, అన్నాడు. తీరా ఆ రోజు పొద్దున్న, శ్రీరామనవమి పందిరి సంగతి మాట్లాడ్డానికి కమిటీ వాళ్ళు సాయంత్రం భోజనానికి వస్తున్నారన్నాడు. ఆమె మొహం చూసి దయతో ఒక ఉపాయం కూడా చెప్పాడు.

"వీడియోయే కదా, వండుతూ సదివెయ్. మద్దిన మ్యూట్ ఎట్టుకో."

మణిమాలకి కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. వాటిలో దేనికీ తీరిక లేదు. బొగ్గుల పొయ్యి మీద పప్పు, కూర, పులుసు మధ్యాహ్నానికే ముగించింది. మిగిలింది వడలు, వడ్డన. సాయంత్రం కమిటీ వాళ్ళు చెప్పిన వేళ కంటే ముందే మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ వెనకే కరెంటూ వచ్చింది. కరెంటు పొయ్యి మీద మూకుడు ఎక్కించి మొదటి వడ తట్టబోతుంటే, తర్వాతి వంతు మీదేనని ఫోను చెప్పింది. మణిమాల పొయ్యి ఆపేసింది. పిండి గిన్నె మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

ఎస్తేర్, ఇరవై తొమ్మిదేళ్ళు. ఆమె భర్త. ఆమె మామగారు. ఆమె అన్నదమ్ములిద్దరు. ఇద్దరు కొడుకులు. చదువుతున్న కొద్దీ మణిమాల గొంతు నెమ్మదించింది. చివరి పేరు, రోజా, నాలుగేళ్ళు, అంటుండగా తలుపు దబదబలాడింది.

"మాలా, వడలు."

ఆ మాట ఎన్ని దేశాల్లో వినిపించిందో దేవుడికే తెలియాలి. తెర మీద కార్యక్రమం నడిపే ఆవిడ తల వంచుకుంది. పసిదాని పేరు మీద వడలు పడ్డాయని మణిమాలకి ప్రాణం చివుక్కుమంది. ఆ పేరు మళ్ళీ మొదటి నుంచి చదివింది. "రోజా, నాలుగేళ్ళు" అని, కాస్త ఆగి, ఫోను ఆపేసి ఏడ్చింది. చిమిండైంగ్‌లోని పుట్టింట్లో తన తండ్రి పోయినప్పుడు పెళ్ళయిన కూతురికి మూడు రోజులే మైల అన్నారు. మూడో నాటి సాయంత్రమే మోహనకృష్ణ, మైల తీరిపోయింది గదా, ఇంట్లో వంటకి ఇబ్బందిగా ఉంది, అని కబురు పంపాడు. అప్పుడు రాని ఏడుపంతా ఇప్పుడు ఎవరి కోసమో, అందరి కోసమో వచ్చింది. ఏడ్చి, స్నానం చేసి, తడి జుట్టుతో హాల్లోకి వచ్చింది.

కమిటీ పెద్దలు ఖాళీ ఆకుల ముందు కూర్చుని ఉన్నారు. మోహనకృష్ణ వంటింటి వైపు కళ్ళతో సైగ చేశాడు. మంచం మీంచి సూర్యావతి అడ్డుపడింది. వినడం వేరు, ఇవాళ ఇది పేరు పేరునా పిలిచింది, ఈ మైల స్నానంతో పోతుందో పోదో తనకి తెలియడం లేదంది. ఎదురుగా బాబూరావు ఉన్నాడు, అడగమంది. ఊళ్ళో ఏ కర్మకాండకైనా తెలుగువాళ్ళు తీర్పుకి వెళ్ళేది ఆయన దగ్గరికే. ఆకలి మీదున్నా ఆయన తన పెద్దరికానికి తగ్గట్టు ఆలోచించే చెప్పాడు.

"ఇన్నోళ్ళకి, అన్నోళ్ళకి తానంతో పోద్ది. మైల పట్టేది రత్తసంబందం ఉన్నోళ్ళకి, లేపోతే కర్తకి. కర్తయితే రోజులన్నీ తీరేదాకా పొయ్యి ముట్టకూడదు, ఒడ్డించకూడదు."

మోహనకృష్ణ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. విన్నావు గదా, స్నానం కూడా అయిపోయింది, ఇంక వడలు వెయ్యి, అన్నాడు.

మణిమాల కదల్లేదు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"కర్తని నేనేనండి."

కమిటీ వాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. బాబూరావు మాత్రం నవ్వలేదు. తెలియని పిల్లకి చెప్పినట్టు మెత్తగా చెప్పాడు.

"ఆడకూతురు కర్తేటమ్మా? ఆళ్ళకి కొడుకులుంటారు, అన్నదమ్ములుంటారు. ఆళ్ళు సూసుకుంటారు."

"వాళ్ళ పేర్లు కూడా నేనే చదివేనండి."

బాబూరావు ఆకు ముందు నుంచి కొంచెం వెనక్కి జరిగాడు. మణిమాల గదిలోంచి చాప తెచ్చి గోడవారగా పరుచుకుని కూర్చుంది. భోజనాల వేళ దాటిపోయింది. ఆమెను లెమ్మని ఎవరూ అనలేదు.