వంకలో రెండు కుర్చీలు

గార్లదిన్నెలో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే అబ్దుల్ గఫూర్‌కు సముద్రం చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. అనిపించింది అతని భార్య మాబున్నీసాకు. ముప్పై ఏళ్ళుగా ఇంటి వరండాలో కుట్టుమిషన్ తొక్కుతున్న ఆమె ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మిషన్ ఆపి, "నేను విశాఖపట్నం పోవల్ల. నాలుగు దినాలు ఏ పనీ చేయకుండా ఉండల్ల," అంది.

గఫూర్ చేతిలోని రాగితీగ కింద పెట్టాడు. "ఆడ మనోళ్ళు ఎవురుండారు?"

"ఎవురూ లేరు. అందుకే."

కూతురు ఆసియా అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్. ఆ వారం ఇంటికి వచ్చి, తల్లి ఏమేమి కోరిందో అడిగి, ఒక కాగితం మీద ప్లాన్ రాసింది. మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు పొద్దున బీచిలో కూర్చోవడం, సాయంత్రం కొండ మీది పార్కులో కూర్చోవడం. మూడో రోజు చెట్లు, పక్షులు. నాలుగో రోజు మళ్ళీ బీచి. గఫూర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"కూచోని ఏం జేయల్ల?"

"ఏం జేయకూడదు నాయనా. సముద్రాన్ని చూడల్ల."

"ఎంతసేపు?"

"రెండు గంటలనుకో."

గఫూర్‌కు గుబులు పట్టుకుంది. అతను ఊరికే రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది జీవితంలో ఒక్కసారే, ఆసియా పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో. ఆ రోజు కూడా కూర్చోలేక, అక్కడ తిరగకుండా ఉన్న ఫ్యాను దింపి బాగుచేశాడు.

తిండి సంగతి మాత్రం తానే చూసుకుంటానన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి విశాఖపట్నంలోని ఒక హోటల్‌కు కొట్టాడు.

"మీ దగ్గర హలాల్ ఉండాదా సార్?"

"హాలా? ఉందండీ. ఏసీ కావాలా, నాన్ ఏసీయా?"

"ఏసీ ఎందుకప్పా దానికి?"

"మరి జనం ఎక్కువైతే ఉక్కపోస్తుంది కదండీ. పెళ్ళా, ఓణీల ఫంక్షనా?"

"మేము ఇద్దరమే తినేది."

అవతలి మనిషి, ఇద్దరికైతే చిన్న హాలు కూడా పెద్దదే అవుతుందని మర్యాదగా చెప్పి పెట్టేశాడు. అలా ఆరు హోటళ్ళు అయ్యాక, ఏడో హోటల్‌లో వంటమనిషే ఫోన్ తీసుకున్నాడు. "రండి బాబాయ్ గారూ. మా మాంసం హలాలే. మీకు ఇంకా అనుమానముంటే నాలుగు రోజులూ చేపలే పెడతాను. చేపతో ఏ పేచీ లేదు కదా," అన్నాడు. గఫూర్‌కు ఆ గొంతు నచ్చింది. గుంతకల్లులో రైల్వేలో ఉన్న బావమరిది షఫీవుల్లా పది రోజుల తర్వాతికి టికెట్లు తీశాడు.

ఇక మిగిలింది కూర్చోవడం. "ఆడికి పోయినాక నువ్వు కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాంటే నాకు నెమ్మది యాడుంటుంది? ఈడే నేర్చుకుందాం," అంది మాబున్నీసా.

ఊరి పక్క వంకలో నీళ్ళు పారి నాలుగేళ్ళయింది. ఇసుక మాత్రం బాగుంది. మరునాడు సాయంత్రం ఇద్దరూ రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టిఫిన్ క్యారియర్ తీసుకుపోయి తూర్పు ముఖంగా కూర్చున్నారు. నాలుగు నిమిషాలకు గఫూర్ లేచి కుర్చీ కాళ్ళ కింద ఇసుక సరిచేశాడు. ఎనిమిదో నిమిషంలో మళ్ళీ లేవబోతే మాబున్నీసా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

వంకను ఆనుకునే హనుమంతప్ప చేను. ఆ చేనులో అతను ఏడు బోర్లు వేశాడు. ఏడూ ఎండిపోయాయి. గట్టు మీద నిలబడి వాళ్ళను చాలాసేపు చూసి, దిగి వచ్చాడు.

"గఫూరన్నా, ఏం జేస్తాండారు ఈడ?"

"ఊరికే కూచున్నాం."

"ఊరికే," అన్నాడు హనుమంతప్ప. బోర్లతో బతికే మనిషి తన చేను పక్కన, భార్యతో సహా, ఎండిన వంకలో ఊరికే కూర్చున్నాడంటే అతను నమ్మలేదు; అక్కడ నీళ్ళ జాడ పట్టాడనుకున్నాడు. మూడో రోజుకు తన కుర్చీ తానే తెచ్చుకుని వాళ్ళ పక్కన వేసుకున్నాడు. అయిదో రోజుకు పన్నెండు కుర్చీలు, రెండు నులక మంచాలు అయ్యాయి. అందరూ తూర్పుకే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు, అడిగితే గఫూర్ మనసు మార్చుకుంటాడేమోనని.

ఆరో రోజు, భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూసి చెప్పే ఆదెప్ప వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడిచాడు. సరిగ్గా మాబున్నీసా కుర్చీ దగ్గరికి రాగానే టెంకాయ లేచి నిలబడింది, కింద నీళ్ళున్నాయన్నట్టు.

"వదినా, రవ్వంత లేస్తావా?" అన్నాడు హనుమంతప్ప.

"లేయను. ఇంకా నలభై నిమిషాలుండాయి."

గఫూర్ ఇక లాభం లేదనుకుని అందరికీ నిజం చెప్పాడు. "నాయనలారా, ఈడ నీళ్ళ మాటే లేదు. మేము సముద్రం చూసేదానికి అలవాటు చేసుకుంటాండాం."

హనుమంతప్ప మెల్లగా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "సముద్రమా? ఎన్ని అడుగుల్లో ఉండాదన్నా?"

ఆ తర్వాత గఫూర్ ఎంత చెప్పినా ఎక్కలేదు. హనుమంతప్ప తమ్ముడు నరసింహప్పకు బోరు లారీ ఉంది. మాబున్నీసా లేవదు కాబట్టి, ఎనిమిదో రోజు పొద్దునే అది ఆమె కుర్చీకి దగ్గరగా చేను అంచున దిగింది. మూడు వందల అడుగుల దాకా బూడిదరంగు పొడి లేచింది. అయిదు వందలకూ పొడే. ఆ పొడిలో కూడా గఫూర్, మాబున్నీసా తమ కుర్చీల్లోనే కూర్చున్నారు. వాళ్ళు లేస్తే నీళ్ళు పక్కకు పోతాయని ఆదెప్ప అన్నాడు మరి. గఫూర్‌కు బాధగా ఉంది. తన వల్ల ఎనిమిదో గుంత పడుతోందని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మరునాడు ఏడు వందల ఇరవై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. హనుమంతప్ప ఏడుస్తూ దోసిలి పట్టి తాగాడు. తాగి ఉమ్మేశాడు. మళ్ళీ తాగాడు.

"ఉప్పగా ఉండాది," అన్నాడు.

గఫూర్ నాలుక మీద వేసుకుని చూశాడు. "ఇది లోపలి ఉప్పునీళ్ళ పొర హనుమంతప్పా. ఇట్లాంటివి నేను రెండు మూడు చూసినా. శెనక్కాయ చేనుకు పెట్టొద్దు, పైరు మాడిపోతాది."

ఆ మాట ఎవరికీ వినిపించలేదు. జనం వంకలోకి పరుగెత్తి, పారుతున్న నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడ్డారు. అక్కమ్మ అనే ముసలమ్మ మూడు సార్లు తలమీద చల్లుకుని దండం పెట్టింది. ఆ సాయంత్రం ఊరు గఫూర్ వాకిట్లోకి వచ్చింది.

"సముద్రం ఈడికే వచ్చినాక ఇంగ విశాఖపట్నం ఏమిటికి వదినా?" అన్నాడు హనుమంతప్ప. "మీరు పోతే ఇది నిలుస్తాదో లేదో."

గఫూర్ భార్య ముఖం చూశాడు. ఉండిపోదామని అతని మనసులోనూ ఉంది. మాబున్నీసా సంచిలో బట్టలు సర్దడం ఆపలేదు.

"అది నీ సముద్రం అన్నా. నువ్వు చూసుకో. నేను పోయి నాది చూసుకుని వస్తా."

హనుమంతప్ప చాలాసేపు ఆలోచించి, న్యాయమే అన్నట్టు తల ఊపాడు. కుర్చీలు మాత్రం అక్కడే ఉంచి పొమ్మన్నాడు. తానూ తన భార్యా వంతుల వారీగా కూర్చుంటారట.

విశాఖపట్నంలో వంటమనిషి మాట నిలబెట్టుకున్నాడు. మొదటి పూటే వంజరం చేప ముక్కలు వేయించి ఎదురుగా నిలబడి తినిపించాడు. గఫూర్ మూడో ముక్క తింటూ, అతనికి ఫోనులో జరిగిన హాలు గొడవ చెప్పాడు. వంటమనిషి నవ్వి నవ్వి గరిటె కింద పడేసుకున్నాడు.

రెండో రోజు పొద్దున ఇద్దరూ బీచికి పోయారు. మాబున్నీసా చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ దాకా దిగింది. అల వచ్చి వెనక్కు పోతుంటే కాళ్ళ కింది ఇసుక జారింది. "పట్టుకో, పట్టుకో," అంటూ మొగుడి మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆమె అంత గట్టిగా తనను పట్టుకుని ఎన్నేళ్ళయిందో గఫూర్‌కు గుర్తులేదు.

తర్వాత ఇసుకలో కూర్చున్నారు. గంట గడిచింది. గఫూర్ లేవలేదు. లేవాలని కూడా అనిపించలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"అన్నా, పైరుకు పెట్టలేదులే," అన్నాడు హనుమంతప్ప. "ఈ పొద్దు ఆదివారం గదా, అనంతపురం నుంచి ఆటోలేసుకుని జనం వస్తాండారు, చూసేదానికి. అక్కమ్మ బజ్జీలు పెట్టింది. ఆడ ఎట్లుండాది?"

జవాబు చెప్పబోయి గఫూర్ పక్కకు చూశాడు. మాబున్నీసా చెప్పుల మీద తల పెట్టుకుని నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి. పట్టపగలు ఆమె నిద్రపోవడం అతను పెళ్ళయిన కాడినుంచి చూడలేదు. ముఖం మీద ఎండ పడుతోంది.

"మళ్ళ మాట్లాడతా అప్పా," అని గుసగుసగా చెప్పి, ఫోన్ జేబులో పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు. ఫోటోలు తీసే ఒకతను వచ్చి ఏదో అడగబోతే, తలతోనే వద్దన్నాడు. చేతులు నొప్పి పుట్టినా దించకుండా అలాగే కూర్చున్నాడు.