ఒడ్డున ఆగిన కాళ్లు

ఐలన్న పడవలోకి ఊరిన నీటిని తగరపు డబ్బాతో తోడి పోస్తున్నాడు. పనిలో ఉన్నంతసేపూ కుడిచేయి బాగానే ఉంటుంది. డబ్బా కింద పెట్టగానే బొటనవేలు, చూపుడువేలు బీడీలో తంబాకు నలుపుతున్నట్టు వాటంతటవే కదలసాగాయి. చేతిని తొడకింద అదిమిపెట్టుకుని కాళేశ్వరం ఒడ్డుకేసి చూశాడు.

గోదావరి మీద సిరొంచకు జనాన్ని దాటించడం పెళ్లికి ముందు నుంచీ అతని పని. ఈ ఏడాది జనం పక్క పడవ ఎక్కుతున్నారు. చేయి వణికేవాడు ఏటి నడుమ తెడ్డు వదిలేస్తాడని భయం. తెడ్డు పడితే వణకదని చెప్పినా నమ్మరు.

ఆ ఉదయం వేరే పడవ లేక ఇద్దరు అతని పడవ ఎక్కారు. ఒకరు హైదరాబాదు పెద్ద డాక్టరు, ఇంకొకరు ఆయన దగ్గర నేర్చుకుంటున్న స్వాతి. సిరొంచ బడిలో వైద్య శిబిరానికి వెళుతున్నారు.

అవతలి ఒడ్డున తాడు కట్టడానికి దిగిన ఐలన్న కాళ్లు ఇసుకకు అతుక్కుపోయాయి. ఒళ్లు ముందుకు వాలింది గాని అడుగు కదలలేదు. పడబోతుంటే స్వాతి పట్టుకుంది. కాసేపు అతని పాదాలనే చూసి, తన పాదం అడ్డంగా పెట్టింది.

"నా కాలు దాటు తాతా."

దాటాడు. ఆ వెంటనే నాలుగడుగులు నడిచాడు కూడా. అడ్డం లేని నేల మీద ఆగిన కాలు అడ్డం పెడితే ఎందుకు కదిలిందో అతనికి అర్థం కాలేదు.

మధ్యాహ్నం స్వాతి అతన్ని శిబిరానికి తీసుకెళ్లింది. అక్కడ పెద్ద డాక్టరు అతన్ని చూపిస్తూ ఆమెను బడిపిల్లలను అడిగినట్టు ప్రశ్నలు అడిగాడు. ఐలన్న వింతపడ్డాడు.

"డాక్టరువే గదా బిడ్డా, ఇంక సదువుడేంది?"

"నరాల డాక్టర్నే తాతా. వణుకుడు, కాళ్లు ఆగుడు, గిసొంటియే ప్రత్యేకంగ నేర్సుకుంటున్న. ఈ నెలతోని అయిపోతది."

కొసన నల్ల రబ్బరు తొడిగిన చిన్న సుత్తితో మోకాళ్ల మీద తట్టి చూసి, ఏం మందులు వాడుతున్నావని ఆమె అడిగితే అతను మొలలోంచి మాత్రల పట్టీ తీశాడు. తల తిరుగుతుందని ఏళ్లుగా దుకాణంలో కొని మింగుతున్నవి. డాక్టర్లిద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు వాదించుకున్నారు. అతను ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూశాడు. చివరకు స్వాతి, ఈ మాత్రే ఇదంతా చేస్తుండొచ్చనీ, కాకపోవచ్చనీ, మానేసి కొన్ని నెలలు చూడాలనీ చెప్పింది.

"అంటే నాకు రోగమున్నట్టా, లేనట్టా?"

"నాకు ఇప్పుడైతే తెల్వదు తాతా."

పెద్ద డాక్టరు అవునన్నట్టు తలూపాడు. తెలియదన్నందుకు తిట్టలేదేమిటో ఐలన్నకు అంతుపట్టలేదు.

సాయంత్రం మళ్లీ అతనే వాళ్లను దాటించాడు. కొన్ని నెలలకు వస్తావు కదా అని అడిగితే రాలేనంది స్వాతి. దూరపు ఊళ్లో ఉద్యోగం దొరికిందట. తన తర్వాత నేర్చుకోవడానికి వచ్చే డాక్టరుకు అతని సంగతి చెప్పిందట.

"నువ్వు మంచిగైనవో లేదో నాకెట్ల తెలుస్తది?" అంది మెల్లగా.

అది తనను అడిగిందో, ఆమె తనలో తాను అనుకుందో తెలియక ఐలన్న తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

ఒడ్డున ఆగి ఉన్న జీపు వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. అలవాటుగా మాత్ర కోసం మొలలోకి వెళ్లిన చేయి పట్టీని తాకి, దాన్ని అక్కడే వదిలి ఖాళీగా బయటికి వచ్చింది. ఆమె కూర్చున్న పలక మీద, మరిచిపోయిన ఆ చిన్న సుత్తి, పడవ ఊగినప్పుడల్లా కొద్దిగా దొర్లి ఆగుతోంది.