ముప్పై తొమ్మిది గజాల జెండా

రండమ్మా, రండప్పా, దగ్గరికి జరగండి. కుర్చీ దొరకనోళ్ళు చాప మీద కూర్చోండి. ఎల్లమ్మ తల్లికి మొక్కుకుని మొదలుపెడుతున్నా, ఫోన్లు కాస్త పక్కన పెట్టండి.

యలహంక పాతవూళ్ళో పొద్దున ఆరింటికి మగ్గాల చప్పుడు మొదలవుతుంది. రాఘవేంద్ర ఇంట్లో మాత్రం ముందు గీకుడు చప్పుడు. రోజూ ఒక గంట మగ్గం ఇనుముకు పట్టిన తుప్పు గీకితే గానీ నేత సాగదు. వాళ్ళ చెల్లెలు శూలిని ఒంటి నుంచి ఉప్పుగాలి వీస్తుంది మరి.

వాళ్ళ నాయన జయరామప్ప నావికాదళంలో ఉండేవాడు. ‘శూలిని’ అని ఒక పెద్ద యుద్ధనౌక, డిస్ట్రాయర్ అంటారే, అది సేవలో చేరిన రోజే ఆడబిడ్డ పుట్టిందని కబురొచ్చింది. ఓడ పేరే బిడ్డకు పెట్టేశాడు. అప్పట్నుంచి ఓడకేమైతే బిడ్డకూ అదే. ఇంజను గదిలో మంటలు లేస్తే బడిలో కూర్చున్న పిల్ల ఎడమ భుజం బొబ్బలెక్కింది. తుఫానులో చిక్కిన జాలర్లను ఓడ ఎక్కించుకొచ్చిన వారమంతా ఈమె మోయలేని బరువున్నట్టు వంగి నడిచింది. రేవులో ఓడకు రంగు వేస్తే ఈమె దగ్గర పెయింటు వాసన. వీధిలో ఎవరూ వింతపడలేదు. ఆవకాయ రోజుల్లో గిన్నె తెచ్చి, ఆమె జడ దులిపి ఉప్పు పట్టుకుపోయేవాళ్ళు, అంతే.

ఆమె మీద పగంతా ఇంట్లోనే.

“నాయన ప్రేమంతా నువ్వూ ఆ ఓడా తినేస్తిరి. నాకు మిగిలింది ఈ తుప్పు,” అనేవాడు రాఘవేంద్ర.

“నీ నేతకు తుప్పే నయం అన్నా. నీ చీర ఒక ఉతుక్కే వెలిసిపోతాది,” అనేది శూలిని. వదిన పద్మావతి ఆమె కంచం వాకిట్లోనే పెట్టేది.

మొన్న జనవరిలో విశాఖ నుంచి పుల్లయ్య వచ్చాడు. జయరామప్పతో ఓడలో పనిచేసిన మనిషి.

“మన ఓడ రిటైరవుతా ఉండాది రాఘవా. చివరి రోజు పైన పొడుగాటి జెండా కడతారు. ఎన్నేళ్ళ సేవో అన్ని గజాలు. పొద్దుగూకేటప్పుడు దించితే ఓడ ఆయుష్షు ముగిసినట్టు. జయరామన్న ఇంటి మగ్గం మీదే నేయించాలని మా ఆశ. ముప్పై తొమ్మిది గజాలు.”

“దించినాక ఏం చేస్తారు చిన్నాయనా?”

“నడిసముద్రానికి లాక్కెళ్ళి క్షిపణితో కొడతారు. గురి చూసుకోడానికి. ఉత్త ఓడేలే, మనుషులుండరు.”

గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న శూలిని చేయి ఆగింది. ఓడతోనే ఈమె ఆయుష్షూ అని అందరికీ అర్థమైంది.

“నేస్తా,” అన్నాడు రాఘవేంద్ర.

“ఇంక ఈ ఉప్పుగాలి ఆగుతాదిలే,” అంది పద్మావతి, కాఫీ గ్లాసులు తీస్తూ.

వేరే పనులన్నీ పక్కన పెట్టి నేశాడు. ఒక్కో గజం దిగేకొద్దీ శూలిని చేతుల్లో పట్టు సడలింది. ముప్పై తొమ్మిదో గజం ముగిసిన మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. అతను కత్తెర తీశాడు.

“కోసెయ్యన్నా. ఏం, కత్తెర మొద్దుబారిందా?”

“నోరు ముయ్. నువ్వంటే నాకు ఒళ్ళుమంట.”

“తెలుసులే. నాకూ అంతే.”

నేతవాళ్ళ పద్ధతి ఒకటుంది, వినండి. గుడ్డ కోసేముందు కొత్త పడుగు, అంటే నిలువు దారాల కట్ట, సిద్ధంగా ఉంచుకుంటారు. పాత పడుగు కొసలకు కొత్త దారాలు పురిపెట్టి అతుకుతారు. మగ్గం ఖాళీగా పడి ఉండేది ఇంట్లో చావైనప్పుడే. రాఘవేంద్ర పక్కకు చూశాడు. కొత్త పడుగు లేదు. ముప్పై ఏళ్ళుగా ఒక్కసారీ మరవని మనిషి ఈసారి తెచ్చిపెట్టుకోలేదు. తన చేతులు ఇంట్లో పీనుగ కోసం మగ్గం సిద్ధం చేశాయని అప్పుడు తెలిసొచ్చింది.

కత్తెర విసిరికొట్టాడు. అటక మీంచి పెళ్ళి చీర కోసం దాచిన ఎర్ర పడుగు దించి, జెండా కొసకు అతకడానికి కూర్చున్నాడు. ఆరు వందల దారాలు. ఒక్కో దారానికీ చెల్లెల్ని ఒక తిట్టు తిడుతూ, దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు.

పుల్లయ్య జెండా కోసం వస్తే, “పని కాలేదు. కాదు కూడా. పో చిన్నాయనా,” అన్నాడు.

“పరువు తీస్తివి కదప్పా. మీ నాయన కడుపున చెడబుట్టినావు.”

వాళ్ళు బజారు జెండా కట్టి, దించి, ఓడను లాక్కెళ్ళారు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు, అక్కడ నడిసముద్రంలో ఓడను కొట్టే వేళకు, శూలిని బియ్యం కడుగుతూ ఉంది. లోపల మగ్గం ఒక్కసారి అదిరింది. అందరూ పరుగెత్తి చూస్తే, ముప్పై తొమ్మిదో గజంలో కుండమూతంత చిల్లు. అంచులు కాలి, ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఆ పక్కన అతికిన ఎర్ర దారాల్లో ఒక్కటీ తెగలేదు.

శూలిని తడిచేతులతో గడపలో నిలబడి, “ఏమైంది?” అంది. ఆమె చుట్టూ గాలి పొడిగా ఉంది, అచ్చం బెంగళూరు గాలి.

“నీ తలకాయ అయింది. బియ్యం చూడు పో,” అన్నాడు రాఘవేంద్ర. చిల్లు దాటి నేత అందుకున్నాడు.

ఇప్పటికీ ఆ అన్నాచెల్లెళ్ళకు పడదు. తల్లి సాక్షిగా నేను కల్పించి కలిపెయ్యలేను. కానీ నాయనా, తల్లీ, ఒక్కటి గుర్తుంచుకోండి: కోపం చల్లారేదాకా అతను ఆగలేదు, తిడుతూనే దారం అతికాడు. ఇంటికెళ్ళి, మీతో మాటల్లేని మనిషికే ముందుగా ఆ సంగతి చెప్పండి.