నాలుగో రౌండు దాటదు

బరిలో దిగి కొట్టుకునేవాళ్ల కంటే, బయట కూర్చుని జోస్యం చెప్పేవాళ్లకే ఎక్కువమంది శత్రువులుంటారని పంతులమ్మకు బాగా తెలుసు. ఆమె నిజంగా పంతులమ్మేమీ కాదు. మోకాలు దెబ్బతిని ఆట మానేసేదాకా ఆమె కూడా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో తన్నినదే, తన్నులు తిన్నదే. ఇప్పుడు పెద్ద పోటీ వచ్చిన ప్రతిసారీ ఒక ఇరుకు స్టూడియోలో మైకు ముందు కూర్చుని, ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో విడమరిచి చెబుతుంది. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పినట్టు చెబుతుంది కాబట్టి శ్రోతలు ఆ పేరు పెట్టారు. ఆమె చెప్పినవన్నీ నిజమైపోవు. మొహమాటానికి మాత్రం ఒక్క ముక్క చెప్పదు, అందుకే వింటారు.

పక్క కుర్చీలో కూర్చునేవాడిని అందరూ మైకాసురుడంటారు. మైకు దొరికితే వదలడు. అతని పద్ధతి వేరు. "ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఫొటో తీసేటప్పుడు మొహం చూస్తే చాలండీ, ఎవరు ఓడతారో నాకు తెలిసిపోతుంది" అంటాడు. విచిత్రమేమిటంటే, అతని లెక్క కూడా పంతులమ్మ లెక్కలాగే సగం సార్లు నిజమవుతుంది.

ఈసారి ఒకే రోజున రెండు టైటిల్ పోటీలు పడ్డాయి. మగవాళ్లలో ఏళ్లుగా ఛాంపియన్‌గా ఉన్న 'రాయి' మీద 'కొంగ' అనే పొడుగుకాళ్ల మనిషి పోటీకి దిగుతున్నాడు. ఆడవాళ్లలో ఛాంపియన్ పేరు ఉడుం. ఒకసారి ఆమె చెయ్యి మెడ చుట్టూ పడిందంటే అవతలి మనిషి నేల మీద తట్టి ఓటమి ఒప్పుకోవలసిందే. ఆమె మీద దిగుతున్నది గండుచీమ. పొట్టిది, చురుకైనది, కరిచిందంటే వదలదు.

గండుచీమ పంతులమ్మకు స్వయానా చెల్లెలు.

"ఈసారికి మగవాళ్ల పోటీ గురించే మాట్లాడుకుందామండీ," అన్నాడు మైకాసురుడు, టీ కప్పు కిందపెడుతూ. "మీ చెల్లి గెలుస్తుందంటే సొంతవాళ్లని మోస్తున్నారంటారు. ఓడుతుందంటే ఇంట్లో మీకు అన్నం పుట్టదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీకెందుకీ గొడవ?"

"పరాయివాళ్ల పిల్లలైతే నోరు పారేసుకుని, మన పిల్ల దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం వేసుకుంటే రేపు నా మాట ఎవరు నమ్ముతారు?" అంది పంతులమ్మ. "రెండూ చెబుతాను."

చెప్పాలంటే చూడాలి. ఆ వారమంతా ఆమె ఇంట్లో వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, పాత పోటీల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పింది. ఉడుం ఆటలో దాపరికమేమీ లేదు. మొదటి రెండు రౌండ్లు అవతలి మనిషిని తిరగనిస్తుంది, మూడోదానిలో అలిసిపోయేలా చేస్తుంది, నాలుగోదానిలో బరి చుట్టూ ఉన్న ఇనుపవల దగ్గరికి నెట్టి మెడ అందుకుంటుంది. తర్వాత చెల్లెలి పోటీలు చూసింది. చూసి, కంప్యూటర్ మూసేసి చాలాసేపు అలాగే కూర్చుంది. గండుచీమ అలసిపోయాక ఎడమకాలితో తన్నినప్పుడల్లా ఆమె ఎడమచెయ్యి నడుం దాకా జారిపోతోంది. దవడ అంతా తలుపు తీసిన ఇల్లులా ఉంటోంది. ఇప్పటిదాకా ఆ తలుపులోకి ఎవరూ రాలేదు. ఉడుం రాకుండా ఉండదు.

మర్నాడు పొద్దున్నే వ్యాయామశాలకు వెళ్లింది. నేల మీద పరిచిన చాపలు తుడుస్తున్న మాస్టారు తల ఎత్తి చూశారు. అక్కచెల్లెళ్లిద్దరికీ ఆట నేర్పింది ఆయనే.

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఎడమచెయ్యి సంగతేగా?" అన్నారాయన.

"మీకు తెలిసీ చెప్పలేదా మాస్టారూ?"

"గొంతు పోయేలా చెప్పాను. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు చెయ్యి పైనే పెడుతుంది. ఒళ్లు అలిశాక చెయ్యి మాట వినదు. ఇప్పుడు పోటీ దగ్గరకొచ్చింది. మళ్లీ కెలికితే పాత అలవాటూ పోదు, పైగా కొత్త భయం చేరుతుంది. నువ్వు దాని చెవిలో ఏమీ వెయ్యకు తల్లీ."

"నేను చెవిలో వెయ్యకపోతే మైకులో వినాల్సొస్తుంది. అది ఇంకా ఘోరం కదండీ?"

మాస్టారు తుడిచిన చాపనే మళ్లీ తుడిచారు.

చేతులకు గుడ్డ చుట్టుకుంటూ లోపలి గదిలోంచి వచ్చిన చెల్లెలికి పంతులమ్మ తాను చూసినదంతా చూసినట్టే చెప్పింది. ఎడమకాలు, ఎడమచెయ్యి, ఉడుం కుడి పిడికిలి, వల, మెడ. చివర్న, "ఇవాళ్టికి నా లెక్క ప్రకారం నువ్వు నాలుగో రౌండు దాటవు" అంది.

గండుచీమ ముఖం ఎర్రబడింది. "వచ్చిన వాళ్లందరూ ధైర్యం చెప్పి పోతుంటే, తోడబుట్టినదానివి నువ్వు చెప్పాల్సిన మాటేనా అక్కా ఇది?"

"ధైర్యం చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు."

"నీ ఆట మోకాలితో పోయింది. నా ఆట నీ నోటితో పోగొట్టకు!"

ఆ మాట అన్నాక చెల్లెలే తడబడింది. పంతులమ్మ మాత్రం చెప్పులేసుకుని, కుంటుకుంటూ మెట్లు దిగిపోయింది. దారిలో ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, అంతే. ఇంటికెళ్లి గిన్నెలన్నీ అవసరానికి మించి గట్టిగా తోమింది.

రెండు మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక పొద్దున తలుపు చప్పుడైంది. గుమ్మంలో గండుచీమ, భుజాన సంచీ.

"నువ్వు చూసిన వీడియోలు నేనూ చూశాను," అంది, లోపలికి కూడా రాకుండానే. "చెయ్యి పడిపోతోంది. నాకే సిగ్గేసింది. పద, నేర్పు."

"మాస్టారు ఉన్నారుగా."

"మాస్టారికి నా మీద జాలి. ఆయాసపడితే ఆపేస్తారు. నీకు ఆ రోగం లేదు."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, తెలుసుగా?"

"పుడకలదాకా ఎందుకే అక్కా, ఆ రోజుదాకా పోతే చాలు!"

పంతులమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే గొడవ సగం తీరిపోయింది. మిగతా సగం అలాగే ఉంది. ఇద్దరూ దాన్ని కదపలేదు.

అప్పటినుంచి రోజూ మాస్టారి సాధన అయిపోయి, గండుచీమ నిలబడలేని స్థితికి వచ్చాకే అక్క పని మొదలయ్యేది. తువ్వాలు మడిచి చెల్లెలి చుబుకం కింద పెట్టేది. ఎడమ పిడికిలితో దాన్ని అదిమి పట్టుకుని, ఎడమకాలితో వేలాడే ఇసుక బస్తాను తన్నాలి. తువ్వాలు కింద పడితే లెక్క మళ్లీ మొదటికి. మొదట్లో తువ్వాలు పడని తన్ను లేదు. మాస్టారు గోడకు ఆనుకుని, చూడలేక మొహం తిప్పుకునేవారు. అది అయ్యాక పంతులమ్మ చెల్లెల్ని వలకు నెట్టి, ముంజేయి మెడ చుట్టూ వేసి బిగించేది. "ఇప్పుడు లే. చుబుకం దించు, నా వేళ్లు విప్పు, వీపు వలకి ఆనించి లే!" అని అరిచేది. మోకాలు సలిపేది. ఇంటికెళ్లి మంచుగడ్డల సంచీ పెట్టుకుని, మర్నాడు మళ్లీ వచ్చేది.

తువ్వాలు పడటం తగ్గింది. పూర్తిగా మానలేదు.

కార్యక్రమం రోజు వచ్చింది. మైకాసురుడు మొహాల శాస్త్రం ప్రకారం రాయే గెలుస్తాడన్నాడు. "రాయికి వయసు మీద పడింది. కొంగ దూరంగా ఉండి కాళ్లతో కొడతాడు, రాయి చెయ్యి అందదు. కొత్త ఛాంపియన్ వస్తాడు," అంది పంతులమ్మ. తర్వాత గొంతు సవరించుకుంది.

"ఆడవాళ్ల టైటిల్ గురించి. వినేవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి. గండుచీమ నా చెల్లెలు. ఇన్నాళ్లూ రోజూ దాని సాధనలో నేనూ ఉన్నాను. నా మాటకు ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి. ఇక నా లెక్క. చెల్లెలు బాగా మెరుగుపడింది. అయినా ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాటు వారాల్లో పోదు. ఒక్కసారి జారినా ఉడుంకి చాలు. బెల్టు ఉడుం దగ్గరే ఉంటుంది. నాలుగో రౌండులో గొంతుపట్టుతో."

అలవాటుకి భిన్నంగా మైకాసురుడు తనే మైకు ఆపి కార్యక్రమం ముగించాడు.

పంతులమ్మ స్టూడియో మెట్లు దిగుతుండగానే ఫోన్ మోగింది.

"విన్నాను," అంది గండుచీమ.

"ఊ."

"ఇన్ని తువ్వాళ్లు చెమటలో తడిపి, ఆఖరికి ఇదేనా చెప్పడం?"

"ఇదే."

అవతల ఊపిరి వినిపిస్తోంది. కోపమో, పరుగు మధ్యలో ఉందో తెలియలేదు.

"అయితే రేపు పొద్దున వస్తున్నావా, మానేశావా?"

"ఎందుకు మానేస్తాను? నేను చెప్పింది తప్పని తేల్చాలిగా. నువ్వొక్కదానివే తేల్చలేవు."

"బరువు తగ్గాలని మంచినీళ్లు కూడా కొలిచి తాగుతున్నా. నాకు నవ్వు తెప్పించకు," అని ఫోన్ పెట్టేసింది చెల్లెలు.

పోటీ ఒక ఆదివారం మధ్యాహ్నం. పంతులమ్మ, మైకాసురుడు విలేకరుల బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. మొదట మగవాళ్ల టైటిల్. కొంగ దూరంగా నిలబడి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు దించేలోపు రాయి చొచ్చుకొచ్చి గుద్దిన గుద్దుకు కళ్లు తేలేశాడు. జనం కుర్చీల్లో సర్దుకునేలోపు పోటీ అయిపోయింది.

"మొహం, పంతులమ్మగారూ, మొహం!" అని బల్ల చరిచాడు మైకాసురుడు.

ఇంకొకరోజైతే ఆమె సిగ్గుపడేది. ఆ క్షణాన మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. 'నా లెక్క తప్పగలదు. ఇప్పుడే అందరి ముందూ తప్పింది. ఇంకొక్కసారి తప్పనీ' అనుకుంది.

గండుచీమ మొదటి రౌండు తనదిగా చేసుకుంది. రెండోది కూడా ఆమెదేనన్నారు బల్ల దగ్గరివాళ్లు. మూడోదానిలో ఉడుం బరువంతా ఆమె మీద వేసి ఈడ్చింది. చెల్లెలి భుజాలు కిందికి దిగడం పంతులమ్మ చూసింది. ఎడమకాలు లేచినప్పుడల్లా ఆమె కళ్లు పిడికిలి మీదే. పిడికిలి చుబుకానికి అంటుకునే ఉంది. "ఉంచు, ఉంచు, ఉంచు" అని పళ్ల మధ్య గొణుక్కుంది.

నాలుగో రౌండు సగంలో పిడికిలి జారింది. ఒకే ఒక్కసారి. ఉడుం కుడిచెయ్యి దవడ మీద పడిన చప్పుడు బల్లదాకా వినిపించింది. గండుచీమ వల మీదికి తూలి పడింది. ఉడుం ముంజేయి మెడ చుట్టూ పాములా తిరిగింది.

జనం లేచి నిలబడ్డారు. పంతులమ్మ కూడా లేచింది. విలేకరుల బల్ల దగ్గర అరవకూడదన్న నియమం ఉంది. ఆమె అరిచింది. "చుబుకం దించు! వేళ్లు విప్పు!"

ఆ హోరులో వినిపించిందో లేదో. చెల్లెలి చుబుకం ఛాతీలోకి దిగింది. ముఖం నల్లబడుతోంది. ఒక వేలు పట్టుకుంది. వదిలిపోయింది. మళ్లీ పట్టుకుంది. వీపు వలకు ఆనించి, కాళ్లు ఒక్కొక్కటే కిందికి లాక్కుని, ఉడుంని మోస్తూనే లేచి నిలబడింది. పట్టు సడలింది. ఇంతవరకూ ఆ పట్టులోంచి ఎవరూ బయటకు రాలేదు. ఉడుం ముఖంలో మొదటిసారి ఆశ్చర్యం కనిపించింది. అంతలో గంట మోగింది.

ఆఖరిదైన అయిదో రౌండులో ఇద్దరికీ ఒంట్లో సత్తువ లేదు. పట్టుదల మీదే కొట్టుకున్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు గండుచీమ గెలిచిందన్నారు. ఇద్దరు ఉడుం అన్నారు. బెల్టు ఉడుం దగ్గరే ఉండిపోయింది.

"మీ జోస్యం ఫలించిందండీ," అన్నాడు మైకాసురుడు మెల్లగా. ఆమె కంటనీరు చూసి, మళ్లీ మైకు పట్టుకోలేదు.

డ్రెస్సింగ్ గదిలో గండుచీమ బెంచీ మీద కూర్చునుంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మాస్టారు కత్తెరతో చేతుల పట్టీలు కోస్తున్నారు.

"నాలుగో రౌండు దాటవన్నావు," అంది చెల్లెలు.

"అన్నాను."

"దాటాను."

"దాటావు. అక్కడ నా లెక్క తప్పింది."

"మిగతాది మాత్రం నిజం చేశావు," అంటూనే గండుచీమ దుఃఖం ఆపుకోలేకపోయింది. వాచిన పెదవితో ఏడుపు కూడా సరిగా రాలేదు. పర్లేదని అక్క అనలేదు. పక్కన కూర్చుని తల భుజం మీదికి తీసుకుంది. ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది.

తర్వాత, "మాస్టారూ, మీ మూలలో ఇంకొక మనిషికి చోటుందా?" అని అడిగింది. "రౌండు రౌండుకీ మధ్య స్టూలు వేసి, నీళ్లిచ్చే మనిషికి."

"ఆ మోకాలితో స్టూలు మోస్తావా?"

"ఇన్నాళ్లూ ఈ పిల్లని మోశానండీ. స్టూలెంత?"

మాస్టారు కత్తెర కిందపెట్టి నవ్వారు. ఉన్న ఒంటికన్నుతోనే గండుచీమ అక్కవైపు అనుమానంగా చూసింది. "మూలలో నిలబడి కూడా ఓడిపోతానని చెబుతావా?"

"ఆ మాట చెప్పాల్సిన పని ఇక వేరేవాళ్లది."

తర్వాతి కార్యక్రమంలో పంతులమ్మ మైకు ముందుకు జరిగి ముందుగా ఈ సంగతే చెప్పింది. "ఇకమీదట నా చెల్లెలి పోటీల గురించి నేను ఒక్క లెక్కా చెప్పను. నేను ఒక పక్షంలో చేరిపోయాను. ఆ జోస్యాలు ఈయన చెబుతారు. మొహాలు చూసి చెబుతారు కాబట్టి, ఈసారి కాస్త దగ్గరికెళ్లి చూడమని నా మనవి."

మైకాసురుడు ఉబ్బితబ్బిబ్బై మైకు అందుకున్నాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని వ్యాయామశాలకు బయల్దేరింది. గండుచీమ కన్ను ఇంకా తెరుచుకోలేదు. అయినా అప్పటికే అక్కడికొచ్చి, ఈ నెలంతా గ్లవ్స్ ముట్టుకోవద్దంటున్న మాస్టారితో వాదిస్తోంది.

"ఆయన చెప్పింది విను," అంది పంతులమ్మ, మెట్ల మీదినుంచే. "చేతులకు పని లేకపోతేనేం, కూర్చో. నాలుగో రౌండు వీడియో ఇద్దరం కలిసి చూద్దాం."